వెనక్కి నడిచే దారి

“గది వచ్చేసింది! గది వచ్చేసింది!”

సైకిల్ ఇంకా ఆగలేదు, గంట మోగుతూనే ఉంది, ఆ మోతలోంచే అరిచాడు భర్త. గదేమైనా బస్సు దిగొచ్చే చుట్టమా అనుకుని నవ్వుకుంది ఆమె. నవ్వుతూనే, చేత్తో తిప్పుతున్న చక్రాన్ని వదిలేసి ఎదురు పరిగెత్తింది.

వదలకూడదు. వదిలితే ఎక్కిన పురి అంతా వెనక్కి తిరుగుతుందని మామగారు మొదటి రోజే చెప్పారు. చెప్పినట్టే చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. అవతల, నడుముకు పీచు మూట కట్టుకుని, వేళ్ళ మధ్య నుంచి పీచు వదులుతూ వెనక్కి వెనక్కి నడుస్తున్న మామగారి చేతిలో తాడు పేట ఒక్కసారిగా వదులై, మెలికలు పడి, నేలమీద చుట్టుకుపోయింది.

“చచ్చాను,” అని నాలుక కరుచుకుంది.

మామగారు మెలికను చూశారు, కోడల్ని చూశారు, కాగితం ఊపుతున్న కొడుకుని చూశారు. “పోన్లే. గది వచ్చిన రోజున ఒక పేట పోతే పోయింది,” అన్నారు.

అత్తగారు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చారు. భర్త గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాడిలా నిలబడి చదివాడు: ఇంటి పక్కన, వెనకగా ఉన్న జాగాలో ఒక గది కట్టుకోవడానికి అనుమతి ఇవ్వడమైనది. ‘ఇవ్వడమైనది’ అన్న మాట ఆమెకు తెగ నచ్చింది. కాలేజీలో ఎన్నో పుస్తకాలు చదివింది గాని ఇంత తియ్యటి మాట ఎక్కడా తగల్లేదు. మళ్ళీ చదివించుకుంది.

“నేనే కదా ఆఫీసు నుంచి వచ్చిన కొలతలాయనకి అన్నీ తిప్పి చూపించింది!” అంది గర్వంగా. “ఇది పీచు నానబెట్టే తొట్టి, ఇది చక్రం, ఇది మా దారి అని. టీ కూడా ఇచ్చాను. అందుకే ఇంత తొందరగా ఇచ్చారు.”

“అవునవును. ఆఫీసంతా నీ టీ మీదే నడుస్తోంది,” అన్నాడు భర్త.

దారి అంటే ఆ ఇంట్లో వేరే అర్థం. ఇంటి వెనక షెడ్డు దగ్గర మొదలై, ఒక పక్క వరస ఇళ్ళ వెనక గోడలు, ఇంకో పక్క గోడౌను గోడ, మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు సాగి, బస్సులు తిరిగే వీధి అంచున ఆగే పొడవాటి నేల అది. ఆ చివర అడ్డంగా ఒక తడక. తాడు ఎంత పొడవు కావాలో అంత నేల కావాలి, దాని మీద పేనేవాడు వెనక్కి నడవాలి. మామగారి తాత ఆ నేల కొన్నది అందుకే. “దారి ఊడ్చారా?” “దారిలో కాసిని నీళ్ళు చల్లు.” “ఇవాళ దారి ఖాళీ లేదు, పేట పడి ఉంది.” కాపురానికి వచ్చాక ఆమె నేర్చుకున్న మొదటి పని మాట అదే. కొత్త చెప్పులు టకటకలాడిస్తూ నడిచినట్టు, ఆ మాటని అవసరమున్నా లేకపోయినా వాడేది.

గది ఎందుకంటే, వాళ్ళిద్దరూ పడుకునేది షెడ్డులో, పీచు గుట్టల వెనక. మధ్యలో తలుపు లేదు. తీగ మీద వేలాడే పాత దుప్పటే తలుపు. తెల్లారేసరికి ఆమె జడ నిండా పీచు ఉండేది. భర్త ఒక్కో పోగు ఏరి, “నీ తల పేనితే నాకో చిన్న తాడొస్తుంది” అనేవాడు. అది వినడానికే కాసిని పోగులు తనే దులపకుండా వదిలేసేది. అయినా దుప్పటి దుప్పటే. అత్తగారు పీచు కోసం వచ్చినప్పుడల్లా దూరం నుంచే దగ్గుతూ రావాల్సి వచ్చేది. పాపం, ఆవిడకి గొంతు నొప్పి నిజంగానే పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆమె తన పెట్టె అడుగు నుంచి ఒక పొట్లం తీసింది. విప్పితే ఇత్తడి గడియ. బొటనవేలంత తల, నున్నటి కడ్డీ. జరిపితే ‘టక్’మని చప్పుడు.

“ఎప్పుడు కొన్నావు?” అన్నాడు భర్త.

“దరఖాస్తు పెట్టిన రోజే.”

“గోడ లేదు, తలుపు లేదు.”

“ఆలూ లేదు చూలూ లేదు అంటారు, అంతేనా? అనండి అనండి,” అంది. పెద్దవాళ్ళ ముందు ‘మీరు’, తెర వెనక ‘నువ్వు’. ఇప్పుడు అత్తగారు వింటున్నారు. గడియని జరిపింది. టక్. మళ్ళీ జరిపింది. టక్. అవతల నుంచి అత్తగారు, “ఆ చప్పుడేంట్రా?” అన్నారు. ఇద్దరూ పీచు గుట్టలో మొహం దాచుకుని నవ్వారు.

*

పొద్దున్నే నలుగురూ కలిసి గదికి తాడు పట్టారు. ఇంట్లో తాడుకి కరువేముంది! మూలకో మేకు కొట్టి, నేల మీద గది ఆకారం గీశారు. కిటికీ ఎటు అన్న దగ్గర చిన్న గొడవ అయింది. భర్త వీధి వైపు అన్నాడు, గాలి వస్తుందని. ఆమె దారి వైపు అంది. అక్కడ నిలబడితే తాడు పెరగడం కనబడుతుంది. పీచు పీచుగా ఉన్నది మామగారి వేళ్ళ మధ్య పేటగా మారి, మూడు పేటలు మూడు గాడులున్న చెక్కబుర్ర లోంచి వచ్చి ఒకదాన్నొకటి పెనవేసుకుని తాడవ్వడం ఎంతసేపు చూసినా ఆమెకు తనివి తీరేది కాదు.

“కిటికీ అటే,” అని తీర్పు చెప్పారు మామగారు. ఆయనకి సంతోషమైందని మీసం చెప్పింది.

అప్పుడే బస్సుల వీధి చివర ఒక వ్యాను ఆగింది. ఇద్దరు మనుషులు దిగి, తడక విప్పి, గోడౌను గోడకి ఆనించారు. గునపాలు తీసి గోతులు తవ్వడం మొదలుపెట్టారు. గది పనికి ఆఫీసువాళ్ళే మనుషుల్ని పంపారేమో అనుకుంది ఆమె. గ్లాసులూ చెంబూ పట్టుకుని దారంతా పరిగెత్తింది. వాళ్ళు గటగటా తాగి, “చల్లగా ఉండమ్మా” అని దీవించి, గోతుల్లో రెండు ఇనప స్తంభాలు నిలబెట్టి, వాటికి బోర్డు బిగించారు. పెయింటు వాసన ఇంకా పోలేదు.

ప్రజల దారి. అడ్డు పెట్టరాదు.

చెంబు చేతిలోనే ఉంది. ఆమె ఆ రెండు మాటల్నీ పెళ్ళిచూపుల్లో చూసినట్టు ఎగాదిగా చూసింది. అర్థం కాలేదు. “ఇది మాదండీ,” అంది.

“మాకేం తెలుసమ్మా. బోర్డు పెట్టమన్నారు, పెట్టాం.”

మధ్యాహ్నానికి వీధికి తెలిసిపోయింది. ఇటువైపు వీధిలోని జనానికి బస్సెక్కాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇప్పుడు షెడ్డు పక్కనుంచి దిగితే ఎదురుగా బస్సే. మొదట ఒకావిడ సంచీతో మొహమాటంగా వెళ్ళింది. ఆవిణ్ణి చూసి ఇద్దరు, ఆ ఇద్దర్ని చూసి పదిమంది. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. “ఏం అన్నయ్యా, బాగున్నావా” అని మామగారిని పలకరిస్తూనే ఆయన పేటని దాటుకుంటూ పోయారు. రేవులో పడవ లాగడానికి ఒకే ముక్కగా పొడవాటి తాడు అడిగాడు రేవు మేస్త్రీ, దాని కోసం పేటలు పరుస్తున్నారు. ఒకాయన కాలికి పేట తగిలి తూలాడు. స్కూటరొకటి హారన్ కొట్టింది. మామగారు పేటని పైకెత్తి పట్టుకున్నారు, దాని కిందనుంచి స్కూటరు తల వంచుకుని దూరింది. ఎత్తిన ప్రతిసారీ పురి జారుతుంది. జారిన చోట తాడు బలహీనం. ఆ బలహీనం కంటికి కనబడదు, పడవ బరువు పడ్డ రోజున కనబడుతుంది.

సాయంత్రం కాకుండానే మామగారు పేటలు చుట్టేశారు.

“ముక్కలుగా పేని కలిపేద్దామా?” అన్నాడు భర్త.

“ముడేస్తే అది తాడు కాదురా. రెండు తాళ్ళు.”

ఆ వరస ఇళ్ళలో మొదటి ఇంట్లో బట్టలు కుట్టే కత్తెర బాబాయ్ ఒక్కడే బాహాటంగా సంబరపడ్డాడు. బస్సుల వీధి నుంచి గిరాకీ నేరుగా వస్తుందని, గోడౌను గోడ మీద సుద్దముక్కతో పెద్ద బాణం గీశాడు. “అమ్మాయ్, నువ్వొచ్చిన వేళావిశేషం! వీధికే దారి దొరికింది,” అన్నాడు ఆమెతో. ఎప్పుడూ గలగలా బదులిచ్చే ఆమె ఆ రోజు తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు ముగ్గురూ ఆఫీసుకు వెళ్ళారు. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. దాని మీద కూడా ఎక్కణ్ణుంచో ఒక పీచు పోగు వచ్చి వాలింది. ఫ్యాను కింద కూర్చున్న అధికారిణి వాళ్ళని కూర్చోమంది. కోపిష్ఠి మనిషి కాదు. బల్ల మీద చిన్న గాజు సీసాలో తీగమొక్క పెంచుకుంటోంది. మామూలు రోజైతే ఆ మొక్క గురించి అడిగి ఉండేది ఆమె.

“మీకు గది ఇచ్చాం కదా, ఇంకేంటి సమస్య?” అంది అధికారిణి.

“మా నేల మీద బోర్డు పెట్టారండీ,” అన్నాడు భర్త.

“అవును. వెనక కట్టే గదికి దారి లేకపోతే అనుమతి ఇవ్వకూడదు. అక్కడ దారి ఉందని తేలింది కాబట్టే ఇచ్చాం. రెండు వీధుల్ని కలిపే దారి ఏదైనా ప్రజలదే. అది రూలు.”

“అది దారి కాదండీ. మేం తాళ్ళు పేనే చోటు.”

“మా రికార్డులో దారి అనే ఉంది.” అధికారిణి పక్క గదిలోకి కేకేసింది. కొలతలాయన వచ్చాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. “ఈ అమ్మాయే చెప్పింది మేడం. నవ్వుతూ చెప్పింది. టీ కూడా ఇచ్చింది.”

ఆమె చెవులు వేడెక్కాయి. భర్త వైపు చూడలేకపోయింది. మామగారి వైపు అసలే చూడలేకపోయింది.

“నేను ‘మా దారి’ అన్నానండీ,” అంది. మళ్ళీ అంది. “మా దారి అన్నాను.”

“అన్నావమ్మా, కాదన్లేదు. కానీ నేను రాసే గడిలో నేల రకం ఒక్కటే పడుతుంది. ఇల్లు, పొలం, దారి, ఖాళీ. ‘మా’కు గడి లేదు,” అన్నాడు కొలతలాయన, నిజంగా బాధపడుతూ.

“పోనీ ఖాళీ అని రాయాల్సింది,” అన్నాడు భర్త.

“ఖాళీ అని రాస్తే ఈపాటికి పార్కు బెంచీలు దిగేవి బాబూ.”

మామగారు అప్పటిదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. “కోడలు తప్పు చెప్పలేదు,” అన్నారు. “మా తాత అదే అన్నాడు, మా నాన్న అదే అన్నాడు. మేమందరం దాన్ని దారనే అంటాం. చూడ్డానికి ఖాళీగానే ఉంటుంది తల్లీ. ఆ ఖాళీయే మాకు మగ్గం. నేసేవాడి ఇంట్లోకి వచ్చి, ఇక్కడ పోగుల మధ్య ఇంత సందుంది, జనాన్ని నడవనిద్దాం అంటే ఎలా?”

అధికారిణి పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. “మీ బాధ అర్థమైంది. కానీ జనం వైపు నుంచి కూడా చూడండి. ముసలివాళ్ళు, బళ్ళకెళ్ళే పిల్లలు. ఎంత దూరం తగ్గింది! మీకు గది వచ్చింది, వాళ్ళకి దారి వచ్చింది. అందరికీ మంచేగా?”

“పన్ను కట్టించుకునేటప్పుడు మాది, నడిచేటప్పుడు అందరిదీనా?” అన్నాడు భర్త. “అత్త సొమ్ము అల్లుడు ధారపోసినట్టు ఉందండీ ఇది.”

“ఊరుకోరా,” అన్నారు మామగారు. అధికారిణి వైపు తిరిగి, “మంచిదే తల్లీ. నిజంగా మంచిదే. నా ఇంటికొచ్చి అడిగుంటే, పని లేని పూట తడక నేనే తీసుండేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు,” అన్నారు.

అధికారిణి పెన్ను బల్ల మీద పెట్టేసింది.

“ఒకటి చెయ్యొచ్చు,” అంది అధికారిణి చివరికి. “గది దరఖాస్తు వెనక్కి తీసుకోండి. గది లేనప్పుడు దానికి దారీ ఉండదు. అప్పుడు ఆ నేలని మళ్ళీ చూడాల్సిన పని నామీద పడుతుంది. చూసి, ఏం కనబడితే అది రాస్తాను. మీకు అనుకూలంగా రాస్తానని మాత్రం మాటివ్వను. మళ్ళీ గదికి అనుమతి ఎప్పుడొస్తుందో కూడా చెప్పలేను. రాకపోవచ్చు.” ఆమె వైపు, భర్త వైపు చూసింది. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఎక్కడున్నా తెలిసిపోతారు. “ఆలోచించుకోండి,” అంది మెత్తగా.

*

ఇంటికి వస్తూ, ఎవరైనా తనని ఒక్క తిట్టు తిట్టినా బాగుండును అనిపించింది ఆమెకు. షెడ్డులోకి పోయి దుప్పటి లాక్కుని కూర్చుంది. అవతల మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. గోడంటే ఏమిటో, లేనప్పుడే తెలుస్తుంది.

“గది కట్టేసుకోనీ వాళ్ళని,” అంటున్నారు మామగారు. “దారి పోతే పోయింది. ఇంకెన్నాళ్ళు నడుస్తాను నేను వెనక్కి? మోకాళ్ళు ముందుకే పోవట్లేదు. ఫ్యాక్టరీ తాడు చవగ్గా దొరుకుతోంది. కొత్తగా వచ్చిన పిల్ల పీచులో పడుకుంటోంది. నాకు సిగ్గుగా ఉంది.”

“మరి రేవు తాడు?” అన్నారు అత్తగారు.

“లేదని చెప్పేస్తా.”

“మీ నోటితో ఎప్పుడైనా ఆ మాట అన్నారా?”

“అలవాటు చేసుకుంటా.”

ఆమె లేచి, వాళ్ళ కంటపడకుండా పక్కనుంచి దారిలోకి నడిచింది. ఎండ దిగింది. ఎవరో తాగి పడేసిన కాగితం కప్పు పీచు తొట్టిలో తేలుతోంది. తీసి పారేసింది. గది కోసం కొట్టిన మేకుల్లో ఒకదాన్ని ఎవరో తన్నేసినట్టున్నారు. తాడు వదులై, గది వంకరపోయింది.

కత్తెర బాబాయ్ తన వెనక గుమ్మంలో మెషీను పెట్టుకుని కుడుతున్నాడు. “ఏం అమ్మాయ్, అలా ఉన్నావు? మంచి పని చేశావు, అందరూ నీ పేరే చెప్పుకుంటున్నారు.”

“బాబాయ్, మీ కొట్టుకి ముందూ వెనకా గుమ్మాలున్నాయి కదా?”

“ఉన్నాయి.”

“అయితే మీ కొట్లోంచి వెళ్తే బస్సు ఇంకా దగ్గర. చెప్పమంటారా అందరికీ?”

“భలేదానివే! కత్తిరించిన గుడ్డలు పరిచి ఉంటాయి. తొక్కుతూ పోతారా?”

“తొక్కరు. దాటుకుంటూ పోతారు. పలకరిస్తూ పోతారు.”

బాబాయ్ పాదం మెషీను మీద ఆగింది. “అది వేరు, ఇది వేరు,” అన్నాడు. ఎలా వేరో చెప్పలేదు. సూది కింద గుడ్డ సర్దుకుంటూ, “మరి నా గిరాకీ సంగతో?” అన్నాడు చిన్నబోయి. ఆయనా పాపం ఇంత బతుకు బతకాలి.

తిరిగి వచ్చేసరికి భర్త తెర వెనక కూర్చుని గడియతో ఆడుతున్నాడు. టక్. టక్.

“నావల్లే,” అంది.

“అవును, నీవల్లే,” అన్నాడు. ఆమె తల ఎత్తింది. “నువ్వు రాకపోతే గదే అడిగేవాణ్ణి కాదు. గది అడక్కపోతే కొలతలాయన వచ్చేవాడు కాదు. కాబట్టి పెళ్ళిచూపుల్లో నిన్ను చూసి నవ్విన నావల్లే. ఇంకా వెనక్కి పోదామా? మన ఇంట్లో వెనక్కి నడవడం అందరికీ వచ్చుగా.”

నవ్వబోయి ఏడ్చింది. అతను దగ్గరికి జరిగి, జడలోంచి ఒక పోగు తీశాడు. ఈసారి తాడు మాట ఎత్తలేదు.

“కాగితం వెనక్కి ఇచ్చేద్దాం,” అంది ఆమె.

అతని చెయ్యి ఆగింది. “సంతకం నాది. నేనే వెనక్కి తీసుకోవాలి.” గడియ కడ్డీని ఇటూ అటూ జరిపాడు. “మళ్ళీ రాకపోవచ్చందిగా ఆవిడ. గది కట్టేసుకుందాం. కట్టాక కొట్లాడదాం.”

“కట్టాక ఏమని కొట్లాడతాం? దారి ఉందని చెప్పి గది తీసుకుని, దారి లేదని చెప్తామా? రోజూ ఆ కిటికీలోంచి ఏం చూడను నేను? స్కూటర్లా?” ముక్కు తుడుచుకుంది. “మామయ్య అక్కడ నా మాట నిలబెట్టారు. కోడలు తప్పు చెప్పలేదన్నారు. ఇంటికొచ్చి నా కోసమే దారి వదిలేస్తానంటున్నారు. ఆ గదిలో నాకు నిద్ర పడుతుందా? నువ్వే చెప్పు.”

“నీకు ఎక్కడైనా పడుతుంది. గురక కూడా పెడతావు.”

“పెట్టను.”

“పెడతావు. అమ్మనడుగు. దగ్గేది నీ గురక వినలేకే.”

కొట్టింది అతన్ని. ఆ దెబ్బ తర్వాత అతను మడత పెట్టిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

*

పొద్దున్న ఇద్దరూ సైకిల్ మీద వెళ్ళారు. మామగారికి చెప్పలేదు. చెబితే వద్దంటారు. అధికారిణి ఇంకా సంచీ కూడా దించలేదు.

“ఇద్దరూ అనుకునే వచ్చారా?” అంది. ఇద్దరూ తలూపారు. భర్త సంతకం పెట్టబోతే పెన్ను పలకలేదు. విదిలించాడు, అరచేతి మీద గీశాడు. ఆమె చూస్తూ ఉంది, ఇంకొక్క క్షణం ఆ పెన్ను పలక్కపోయినా బాగుండును అని ఒక మనసు, పలికి తొందరగా అయిపోతే బాగుండును అని ఒక మనసు. పలికింది. ‘ఇవ్వడమైనది’ అన్న కాగితం బల్ల అవతలికి వెళ్ళి, వేరే కాగితాల కిందికి చేరింది. తీగమొక్కకి కొత్త ఆకు వస్తోందని అప్పుడు గమనించింది.

“రేపు పొద్దున నేనే వస్తాను,” అంది అధికారిణి. “ముందే చెప్తున్నాను, జనం నడుస్తూ కనబడితే దారనే రాయాల్సి వస్తుంది. పని కనబడితే పని చేసుకునే చోటని రాస్తాను. నాకు కళ్ళే సాక్ష్యం.”

“బోర్డు?”

“అది నేను రాసిందాన్నిబట్టి.”

తిరిగి వచ్చేసరికి మామగారు షెడ్డు ముందు స్టూలు మీద కూర్చుని, చెక్కబుర్రకి నూనె రాస్తున్నారు. అమ్మేసే గేదెకి చివరిసారి ఒళ్ళు తోమినట్టుంది ఆ రాయడం. భర్త సైకిల్‌కి స్టాండు వేసే వంకతో వెనకే ఉండిపోయాడు.

“మామయ్యా, గది వెనక్కి ఇచ్చేశాం,” అంది ఆమె.

ఆయన వేళ్ళు గాడిలోనే ఆగాయి. “ఎవర్నడిగి ఇచ్చారు?”

“ఎవర్నీ అడగలేదు.”

“నన్ను అడక్కుండా తీసుకునేది వాళ్ళు, నన్ను అడక్కుండా ఇచ్చేది మీరు. బాగుంది. ఇక ఈ ఇంట్లో నేనెందుకు?” కోపమో కాదో మీసం కూడా చెప్పలేకపోయింది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కొడుకు మొహం చూశారు, కోడలి మొహం చూశారు. లోపలికెళ్ళి స్క్రూలూ స్క్రూడ్రైవరూ తెచ్చి కొడుకు చేతిలో పెట్టారు. “ఆ గడియ ఇలా తగలెయ్యి. రోజూ ఆ టకటక వినలేక చస్తున్నా.”

“ఎక్కడ బిగించనమ్మా? తలుపేది?”

“ఆ దుప్పటి కట్టిన గుంజకి బిగించు. నేనొచ్చినప్పుడు అది వేసుంటే వెనక్కి పోతాను. దగ్గక్కర్లేదు.”

గుంజకి గడియ బిగిస్తున్నంతసేపూ అతను నవ్వాపుకోలేక రెండుసార్లు స్క్రూ జారవిడిచాడు. కడ్డీ జరిపితే దానికి ఎదురు ఏమీ లేదు, గాల్లోకే పోయి ఆగింది. టక్. చప్పుడు మాత్రం అచ్చం తలుపున్నట్టే ఉంది.

మామగారు ఆ చప్పుడుకి తలెత్తారు. రేపు అధికారిణి వస్తుందని, ఏం చూస్తే అది రాస్తానందని ఆమె చెప్పింది. ఆయన వింటూ దారి వైపు చూశారు. ఎవరో సంచీతో పోతున్నారు. ఆ వెనక మరొకరు. అవతల గోడ మీద కత్తెర బాబాయ్ బాణం సగం చెరిగి ఉంది. ఆయనే చెరిపాడో, ఎవరి భుజమో రాసుకుందో తెలియదు.

“వెనక్కి ఇచ్చేశారా,” అన్నారు మెల్లగా, తనలో తనే. చెక్కబుర్రని ఒళ్ళో తిప్పారు. “సరే. వెనక్కి నడవడం మనకేం కొత్త? మనం వెనక్కి నడిస్తేనే కదా తాడు ముందుకు పెరిగేది.” మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు. “రేయ్, పీచు ఎంత ఉంటే అంతా తడుపు. రేవు తాడు రేపే వేస్తున్నాం. ఈ చివర నుంచి ఆ బోర్డు దాకా, ఒకే ముక్క.”

“తాడో పేడో తేలిపోవాలి,” అన్నాడు భర్త.

“మన ఇంట్లో తాడే. పేడ వేరేవాళ్ళని చూసుకోమను.” ఆయన వేలితో పనులు పంచడం మొదలుపెట్టారు. “చక్రం మీ అమ్మది. చెక్కబుర్ర నీది. నేను బోర్డు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకి చెప్తాను, బాబూ, ఇవాళ్టికి చుట్టూ తిరిగి పొండి, ఇక్కడ పని జరుగుతోందని. తిట్టుకుంటే తిట్టుకుంటారు. నడక కోడలిది.”

“నాదా?” అంది ఆమె. నడుముకు పీచు కట్టుకుని ఆ దారిలో నడవడం ఇంటివాళ్ళ పని. ఇన్నాళ్ళూ చక్రం తప్ప ఆయన ఇంకేదీ ముట్టుకోనివ్వలేదు. “నాకు రాదు మామయ్యా. పడిపోతాను. వెనకేముందో కనబడదు కదా?”

“వెనక ఏముందో తెలిసిన నేల కాబట్టే దాని మీద వెనక్కి నడుస్తాం. గోడ లేదు, గొయ్యి లేదు. నీ నేల. కళ్ళు తాడు మీదే పెట్టు, కాళ్ళకి దారి తెలుసు.”

“ఆవిడొచ్చి మళ్ళీ ఇదేంటని నన్నే అడిగితే?” అంది ఆమె. అత్తగారు వెనకనుంచి అందుకున్నారు: “ఆ మాట మాత్రం ఇంక నోట రానీకమ్మా. పని చోటు అను, ఇంకేదైనా అను.”

“ఎందుకు మార్చాలి?” అన్నారు మామగారు. అప్పటికే పీచు మూట విప్పి, కోడలి నడుముకు ఎంత పడుతుందో కళ్ళతో కొలుస్తున్నారు. “మా దారి అనే చెప్పు. కాకపోతే రేపు వెనక్కి నడుస్తూ చెప్పు.”